అమెరికా ఎన్నిక: ఫోన్‌కు వచ్చిందొకటి, లెక్కల్లో ఉన్నదొకటి

2024 నవంబర్ 6, బుధవారం. మన దగ్గర తెల్లవారుజామున నాలుగున్నర, ఫజర్ అజాన్ ఇంకా కాలేదు. సరిగ్గా ఆ వేళకు అమెరికాలో ఇండియానా, కెంటకీ రాష్ట్రాల్లోని మొదటి పోలింగ్ కేంద్రాలు మూతపడుతున్నాయి. పిల్లల్ని షికాగోకో డాలస్‌కో పంపిన టోలిచౌకి, మలక్‌పేట, కర్నూలు, కడప, గుంటూరు ఇళ్లలో ఆ రోజు పొద్దున్నుంచీ ఫోన్లు చేతిలోంచి దిగలేదు. సాయంత్రం 4 గంటల 4 నిమిషాలకు, ఇక్కడ అసర్ వేళకు, విస్కాన్సిన్ రాష్ట్రం ట్రంప్ ఖాతాలో పడింది. 270 దాటింది. కథ అయిపోయింది.

ఆ మాట చెప్పింది అమెరికా ప్రభుత్వం కాదు, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ. పొట్టిగా ఏపీ అంటారు, మన ఏపీతో సంబంధం లేదు. 1848 నుంచి అక్కడ ఎన్నికల లెక్క చూస్తున్నది వాళ్లే. మనకు ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్ ఒకటుంది, రౌండ్ రౌండుకూ అందులో ఓట్లు పడతాయి, గెలిచినట్టు రిటర్నింగ్ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇస్తాడు. అమెరికాలో దేశమంతటికీ ఫలితం ప్రకటించే ఆఫీసు లేదు. ఓట్లను 50 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్, వాటి కింద వేల కౌంటీలు ఎవరికి వారే లెక్కపెట్టి ఎవరి వెబ్‌సైట్లో వాళ్లు పెట్టుకుంటారు. అందుకే ఆ ఎన్నికను ఇంటర్నెట్‌లో చూడటం మనవాళ్లు అనుకున్నంత తేలిక కాదు. అలాగని ఏమీ దొరకదనీ కాదు. అసలు నిజం ఏంటంటే, ప్రపంచంలో ఏ దేశ ఎన్నికలోనూ ఇంత లెక్క జనం ముందు పరిచి ఉండదు. దాన్ని చూసేవాళ్లే తక్కువ. మన ఇళ్లకు చేరింది మాత్రం నిమిషం క్లిప్పులు.

ఒక్క క్లిప్ సంగతి చూస్తే చాలు. 2024 జూన్ 20న ఆల్ ఇన్ అనే పాడ్‌కాస్ట్‌లో ట్రంప్ మాట్లాడుతూ, అమెరికా కాలేజీలో డిగ్రీ పూర్తి చేసిన విదేశీ విద్యార్థికి ఆ డిగ్రీతో పాటే గ్రీన్‌కార్డు ఇచ్చేయాలి అన్నారు. రెండేళ్ల కాలేజీలకు కూడా అన్నారు. ఇక చెప్పాలా? హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో, అమీర్‌పేట కన్సల్టెన్సీల స్టేటస్‌లలో ఆ ముక్క తిరిగినంతగా ఇంకేదీ తిరగలేదు. లోను తీసుకుని ఎంఎస్‌కు పంపిన తండ్రులకు అది శుభవార్తే మరి.

ఆ వెంటనే ట్రంప్ ప్రచార ప్రతినిధి కరోలిన్ లెవిట్ ఒక వివరణ ఇచ్చారు. అది అందరికీ కాదు, చరిత్రలో ఎన్నడూ లేనంత గట్టి వడపోత తర్వాత, బాగా నైపుణ్యం ఉన్న గ్రాడ్యుయేట్లకే అని. ఆ వివరణ మన గ్రూపులకు రాలేదు. మరుసటి నెల మిల్వాకీలో రిపబ్లికన్ పార్టీ ఎన్నికల ప్రణాళికను ఆమోదించింది. మొత్తం 16 పేజీలు, మొదట్లోనే 20 హామీలు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా వాళ్లు నడిపే అమెరికన్ ప్రెసిడెన్సీ ప్రాజెక్ట్ వెబ్‌సైట్లో అది ఉచితంగా ఉంది, పాత ఎన్నికల ప్రణాళికలు కూడా ఉన్నాయి. ఆ 20 హామీల్లో డిగ్రీతో గ్రీన్‌కార్డు లేదు. రెండో హామీ, చరిత్రలోనే అతిపెద్ద డిపోర్టేషన్. పద్దెనిమిదో హామీ, హమాస్ అనుకూలురని తాము అనేవాళ్లను దేశం నుంచి పంపేసి కాలేజీ క్యాంపస్‌లను మళ్లీ సురక్షితం చేస్తాం అన్నది.

తర్వాత ఏం జరిగిందో తెలిసిందే. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. మన రూపాయల్లో 88 లక్షలు. సెలవుకు వచ్చినవాళ్లు పెళ్లిళ్లు, వలీమాలు వదిలేసి ఎయిర్‌పోర్టుకు పరుగెత్తారు. అది కొత్త దరఖాస్తులకే అని మర్నాడు వివరణ వచ్చేసరికి టికెట్ల డబ్బు పోయింది. పాడ్‌కాస్ట్‌లో అన్న మాటకు, పార్టీ రాతలో పెట్టిన మాటకు తేడా ఎంతో ఆ రోజు చాలా ఇళ్లకు తెలిసొచ్చింది.

డెమోక్రాట్ల రాత మాత్రం గొప్పగా ఉందనుకోవద్దు. జూన్ 27 డిబేట్‌లో బైడెన్ తడబడటం, జూలై 21న పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు ఎక్స్‌లో లేఖ పెట్టడం, కమలా హారిస్ రావడం అంతా నెలలోపే జరిగింది. ఆగస్టు 19న షికాగోలో ఆమోదించిన 90 పేజీల ప్రణాళికలో ఇంకా బైడెన్ రెండో విడత పాలనలో ఏం చేస్తాడో అనే ఉంది! అభ్యర్థి మారిపోయినా కాగితం మార్చలేదు. ఆ మహాసభలో గాజా గురించి మాట్లాడటానికి ఒక పాలస్తీనీ అమెరికన్‌కు అవకాశం ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు. జార్జియా రాష్ట్ర శాసనసభ్యురాలు రువా రొమ్మాన్ చదవాలనుకున్న ప్రసంగం తర్వాత ఇంటర్నెట్‌లో వచ్చింది. చదివితే అందులో అభ్యంతరపెట్టేదేమీ కనపడదు. హారిస్‌కు ఓటేయమనే ఉంది.

ఇక మన పాఠకులు ఎక్కువగా వాదించుకున్న విషయానికి వద్దాం. ముస్లింలు ఎవరికి ఓటేశారు?

ఫలితం వచ్చిన వారంలోనే రెండు సర్వేలు చేతులు మారాయి. ముస్లిం పౌరహక్కుల సంస్థ కేర్ 1,575 మంది ముస్లిం ఓటర్లను అడిగి ఇచ్చిన లెక్క ప్రకారం గ్రీన్ పార్టీ జిల్ స్టెయిన్‌కు 53 శాతం, ట్రంప్‌కు 21, హారిస్‌కు 20. అసోసియేటెడ్ ప్రెస్, ఫాక్స్ న్యూస్ కలిసి లక్షకు పైగా ఓటర్లతో చేయించిన పెద్ద సర్వేలో ముస్లింల దగ్గరికి వచ్చేసరికి హారిస్‌కు 63, ట్రంప్‌కు 32. ఒకే సముదాయం, ఒకే ఎన్నిక. ఒకచోట హారిస్ మూడో స్థానం, ఇంకోచోట భారీ మెజారిటీ. ఎవరికి ఏది నచ్చితే అది ఫార్వర్డ్ చేసుకున్నారు. మన ఉర్దూ గ్రూపుల్లో మొదటిది, డెమోక్రాట్ల వైపు మొగ్గేవాళ్లలో రెండోది.

ఏది నమ్మాలి? సర్వేను సర్వేతో పోల్చుకుంటూ కూర్చుంటే తేలదు. ఓట్ల డబ్బాలు తెరిచిన లెక్కతో పోల్చాలి. డియర్‌బర్న్ నగరంలో జనాభాలో సగానికి పైగా అరబ్, మధ్యప్రాచ్య మూలాల వాళ్లు. అక్కడి పోలింగ్ లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చు. 2024లో ట్రంప్‌కు 42 శాతం, హారిస్‌కు 36, స్టెయిన్‌కు 18 వచ్చాయి. నాలుగేళ్ల ముందు అదే ఊళ్లో బైడెన్‌కు దాదాపు 69 శాతం వచ్చింది.

కేర్ సర్వేలో మిషిగన్ వరకు చూస్తే స్టెయిన్‌కు 59 శాతం అని ఉంది. సరే, ఆ రాష్ట్రంలో లక్ష మంది ముస్లింలే ఓటేశారనుకుందాం. అది తక్కువ అంచనాయే. అప్పుడు ఒక్క ముస్లింల నుంచే స్టెయిన్‌కు 59 వేల ఓట్లు రావాలి. మిషిగన్‌లో అన్ని మతాలవాళ్లూ కలిపి ఆమెకు వేసినవి సుమారు 45 వేలు. లెక్క కుదరడం లేదు. ఆ సర్వే అబద్ధం అని కాదు. జవాబిచ్చినవాళ్లలో కోపంగా ఉన్నవాళ్లు, సంస్థతో పరిచయం ఉన్నవాళ్లు ఎక్కువ ఉండి ఉంటారు, అలాంటి సర్వేల్లో అది మామూలే. రెండోదాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మలేం. లక్ష మందిలో ముస్లింలు నూటికి ఒక్కరే ఉంటారు, దేశమంతా చెదిరి ఉంటారు. డియర్‌బర్న్ కోపం ఆ సగటులో కరిగిపోతుంది. హైదరాబాద్ నుంచి వెళ్లి టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ చేసే కుటుంబం, లెబనాన్‌లో బంధువుల ఇల్లు కూలిన డియర్‌బర్న్ కుటుంబం ఒకేలా ఓటేయాలని ఎక్కడుంది?

ఆ కోపం హఠాత్తుగా వచ్చిందీ కాదు. ఫిబ్రవరి 27న మిషిగన్ డెమోక్రాట్ల ప్రైమరీలో లక్షా వెయ్యి మందికి పైగా బైడెన్‌కు కాకుండా ‘అన్‌కమిటెడ్’ అనే గడికి ఓటేశారు. మన నోటా లాంటిది. 13 శాతం. రాష్ట్ర వెబ్‌సైట్లో కౌంటీ వారీగా ఆ లెక్క అందరికీ కనిపించేలా ఎనిమిది నెలలు ఉంది. టీవీ విశ్లేషకులు నవంబర్‌లో ఆశ్చర్యపోయారంటే అది వాళ్ల తప్పే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఫలితం తర్వాత ముస్లింలే హారిస్‌ను ఓడించారని అక్కడ కొందరు నింద వేశారు, అదే మాట మన తెలుగు ఛానళ్లు కూడా కొన్ని అందుకున్నాయి. కూడికలు తీసివేతలు వస్తే చాలు దీనికి జవాబు చెప్పడానికి. మిషిగన్‌లో తేడా సుమారు 80 వేల ఓట్లు. డియర్‌బర్న్‌లో పోలైనవే మొత్తం 40 వేల పైచిలుకు. పోనీ, మిషిగన్ గెలిచారనుకోండి. ఆ రాష్ట్రానికి 15 ఎలక్టోరల్ ఓట్లు. హారిస్‌కు వచ్చినవి 226. కలిపితే 241. 270 ఎక్కడ, 241 ఎక్కడ! పెన్సిల్వేనియా, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా, మిషిగన్ ఏడూ ఆమె పోగొట్టుకున్నారు. 270 టు విన్ అనే వెబ్‌సైట్లో మ్యాప్ మీద రాష్ట్రాన్ని నొక్కి రంగు మారిస్తే ఈ లెక్క పదో తరగతి పిల్లవాడు కూడా చేసి చూపిస్తాడు.

అదే మిషిగన్‌లో ముస్లిం ఓటు కోసం ఏం జరిగిందో చూస్తే ఇంకా విచిత్రం. ఫ్యూచర్ కోఎలిషన్ ప్యాక్ అని ఒక సంస్థ పుట్టుకొచ్చింది. ముస్లింలు ఎక్కువగా ఉన్న మిషిగన్ ప్రాంతాల్లో ఆన్‌లైన్ ప్రకటనలు వేసింది. చూడటానికి హారిస్‌ను మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది: ఆమె ఇజ్రాయెల్ పక్షాన గట్టిగా నిలబడింది, భర్త యూదుడు, మనకు కావలసిన నాయకురాలు ఈమే అని. ఎవరికి చూపిస్తున్నారో తెలిస్తేనే విషం అర్థమవుతుంది. అదే సంస్థ, అదే రోజుల్లో, పెన్సిల్వేనియాలో యూదులున్న ప్రాంతాల్లో ఇంకో ప్రకటన వేసింది. హారిస్ పాలస్తీనా వాళ్లను బుజ్జగిస్తోంది, ఇజ్రాయెల్‌కు నమ్మకం లేదు అని.

ఒకే జేబు, రెండు నాలుకలు. డియర్‌బర్న్‌లో ఉన్నవాళ్లకు రెండోది కనపడదు, ఫిలడెల్ఫియాలో ఉన్నవాళ్లకు మొదటిది కనపడదు. ఇది ఎలా బయటపడిందంటే, గూగుల్‌కు యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ అని ఒక పేజీ ఉంది. రాజకీయ ప్రకటన ఏది, ఎవరు వేశారు, ఎంత ఖర్చు పెట్టారు, ఏ ప్రాంతం వాళ్లకు చూపించారు అన్నీ అక్కడ ఉంటాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు మెటా యాడ్ లైబ్రరీ ఉంది. అక్టోబర్‌లో విలేకరులు అక్కడ వెతికి రెండు ప్రకటనలూ పక్కపక్కన పెట్టారు. ఖాతా, పాస్‌వర్డ్, ఫీజు ఏమీ అక్కర్లేదు. ఈ యాడ్ లైబ్రరీలు మన దేశంలో రాజకీయ ప్రకటనలకూ పని చేస్తాయి, ఆ సంగతి కూడా మనవాళ్లలో చాలామందికి తెలియదు.

డబ్బు ఎవరిదో తెలియాలంటే ఇంకో గుమ్మం ఎక్కాలి. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్, ఎఫ్‌ఈసీ. అమెరికా ఎన్నికను ఇంటర్నెట్‌లో చూడాలనుకునేవాళ్లకు ఒక్క వెబ్‌సైటే చెప్పమంటే ఇదే చెప్పాలి. అభ్యర్థికి 200 డాలర్లు దాటి ఇచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఉద్యోగం, ఇచ్చిన తేదీ, మొత్తం అందులో ఉంటాయి. 2024లో అధ్యక్ష అభ్యర్థికి ఒక మనిషి ప్రైమరీకి 3,300, అసలు ఎన్నికకు ఇంకో 3,300 డాలర్లు మించి ఇవ్వకూడదు. కానీ సూపర్ ప్యాక్‌లకు పరిమితి లేదు, 2010లో కోర్టు తీర్పులు ఆ తలుపు తెరిచేశాయి. ఆ లెక్కల్లోకి వెళ్లి చూస్తే, ఫ్యూచర్ కోఎలిషన్‌కు డబ్బు బిల్డింగ్ అమెరికాస్ ఫ్యూచర్ అనే మరో సంస్థ నుంచి వచ్చినట్టు తేలింది. ఆ రెండో సంస్థకు ఎలాన్ మస్క్ డబ్బు వెళ్లిందని పత్రికలు రాశాయి. అయితే అలాంటి సంస్థలు తమకు ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు. అంటే లెక్కల పుస్తకం తెరిచే ఉంటుంది, ఒక పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు కాగితాలు అతుక్కుపోయి ఉంటాయి.

ఇంకో మెలిక, తేదీలది. ఎన్నికకు కొద్ది రోజుల ముందు ఆర్‌బీజీ ప్యాక్ అని ఒకటి పుట్టింది. అబార్షన్ విషయంలో ట్రంప్, చనిపోయిన సుప్రీంకోర్టు జడ్జి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒకే మాట మీద ఉన్నారన్నట్టు ప్రకటనలు వేసింది. ఆమె కుటుంబం మండిపడింది. డబ్బెవరిది? ఆ లెక్క సమర్పించాల్సిన గడువు డిసెంబర్ 5. ఓటింగ్ అయిపోయిన నెలకు తెలిసింది, 2 కోట్ల 5 లక్షల డాలర్లు, మొత్తం మస్క్‌వేనని. మొత్తంమీద ఆయన ఆ ఎన్నికలో 25 కోట్ల డాలర్లకు పైగా పెట్టినట్టు ఎఫ్‌ఈసీ కాగితాలే చెబుతున్నాయి. చట్టం తప్పిందెక్కడా లేదు. పుట్టే తేదీని లెక్క చూసుకుని పుట్టించారు, అంతే. కామర్స్ చదివినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, మార్చి 31 దాటించి బిల్లు రాయడం లాంటిదే.

మన పిల్లల విషయంలో ఇక్కడే ఒక మాట తెలుసుకోవాలి. ఎఫ్1 మీద చదువుతున్నవాళ్లు, హెచ్1బీ మీద పని చేస్తున్నవాళ్లు అమెరికా ఎన్నికలకు ఒక్క డాలర్ కూడా విరాళం ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే విరాళం ఇవ్వొచ్చు, ఓటు వేయకూడదు. పౌరుడు కానివాళ్లు ఫెడరల్ ఎన్నికలో ఓటేస్తే నేరం, దేశం నుంచి పంపేస్తారు. ఇంకొకటి, అభ్యర్థి అధికారిక వెబ్‌సైట్లో టోపీ, టీషర్టు కొన్నా ఆ మొత్తం విరాళం కిందే లెక్క. సరదాకు కొన్న టోపీ ఎఫ్1 పిల్లవాడి మెడకు చుట్టుకోగలదు. దీని గురించి ఏ కన్సల్టెన్సీ స్టేటస్ పెట్టలేదు.

పోల్స్ గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. నేట్ సిల్వర్ చివరి రోజు కంప్యూటర్లో 80,000 సార్లు ఎన్నిక ఆడించి చూస్తే 40,012 సార్లు హారిస్ గెలిచారు. అంటే నాణెం ఎగరేసినట్టే. అయోవాలో ఏళ్ల తరబడి తప్పని పేరున్న ఆన్ సెల్జర్ సర్వే నవంబర్ 2న హారిస్‌కు 3 పాయింట్ల ఆధిక్యం అంది. ట్రంప్ 13తో గెలిచారు. ఆ ఒక్క సర్వే ఆ వారాంతం ఎంతమందికి నిద్ర లేకుండా చేసిందో! పాలీమార్కెట్ అనే పందేల వెబ్‌సైట్ మాత్రం ట్రంప్ గెలుస్తాడని ముందే చెప్పిందని ఇప్పటికీ కొందరు కుర్రాళ్లు మెచ్చుకుంటూ ఉంటారు. అక్కడ నాలుగు ఖాతాలు పెట్టి కోట్ల డాలర్లు కాసింది ఒకే ఒక్క ఫ్రెంచ్ వ్యక్తి అని ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఒక్కడి జేబు ప్రపంచం నాడిలా కనిపించింది. జూదం హరాం అన్న సంగతి పక్కన పెట్టినా, దాన్ని సర్వే అనుకోవడం అమాయకత్వం.

అబద్ధాల సంగతి వేరు. సెప్టెంబర్ 10 డిబేట్‌లో ట్రంప్, ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ వలసదారులు పెంపుడు కుక్కల్ని తినేస్తున్నారన్నారు. నగర అధికారులు అలాంటి ఫిర్యాదులకు ఆధారమే లేదన్నారు. దాని మూలాన్ని విలేకరులు వెతుక్కుంటూ పోతే ఒక లోకల్ ఫేస్‌బుక్ గ్రూపు పోస్టు దగ్గర తేలింది. రాసినావిడకు పక్కింటావిడ చెప్పింది, పక్కింటావిడకు ఇంకెవరో చెప్పారు. తర్వాత ఆవిడే బాధపడింది. అప్పటికే ఆ ఊరి స్కూళ్లకు బాంబు బెదిరింపులు వచ్చాయి. ఒక వలస సముదాయం మీద అలాంటి మాట పుట్టడం, నాయకుడి నోట రావడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్టోబర్ 31న జార్జియాలో ఇంకో వీడియో. తాను హైతీ నుంచి వచ్చానని, పలుచోట్ల ఓటేస్తున్నానని ఒకడు చెబుతాడు. మర్నాడే ఎఫ్‌బీఐ, మరో రెండు ప్రభుత్వ సంస్థలు అది రష్యా ప్రచారకులు తయారుచేసిందని ప్రకటించాయి. ఆ ప్రకటన వెబ్‌సైట్లో ఇప్పటికీ ఉంది. ఇలాంటివి ఎక్కడ ఎలా పాకుతున్నాయో చూపించే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని మెటా కంపెనీ ప్రచారం మధ్యలో, ఆగస్టు 14న మూసేసింది. విలేకరులు బతిమాలినా వినలేదు.

హదీసు వింటే సనద్ ఏది, ఎవరి నుంచి ఎవరు విన్నారు అని అడిగే ఇళ్లు మనవి. ఫ్యామిలీ గ్రూపులో మామూజాన్ పంపిన వీడియోకు ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదనుకుంటారు.

తెలుగు మీడియా ఏం చేసిందంటే, జూలై 15న జేడీ వాన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు, పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు, కెమెరాలతో నిండిపోయింది. మనూరి అల్లుడు అని శీర్షికలు. ముచ్చటే, కాదనలేం. కానీ అల్లుడిగారి పార్టీ ప్రణాళికలో విద్యార్థుల గురించి ఏముందో ఆ వెబ్‌సైట్లలో వెతికినా కనపడలేదు.

ఆ పద్దెనిమిదో హామీ కాగితం మీదే ఉండిపోలేదు. 2025 మార్చి 17న జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న భారతీయుడు బదర్ ఖాన్ సూరిని వర్జీనియాలో ఇంటి దగ్గర పట్టుకెళ్లారు. సోషల్ మీడియాలో హమాస్ ప్రచారం చేశాడని ప్రభుత్వం ఆరోపణ, ఆయన దాన్ని ఒప్పుకోలేదు. మే 14న జడ్జి ఉత్తర్వుతో టెక్సాస్ డిటెన్షన్ కేంద్రం నుంచి బయటికి వచ్చారు. దాదాపు రెండు నెలలు. ఆ జూన్‌లో విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లంతా సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా తెరిచి పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, వాళ్ల కుటుంబాల హెచ్4 దరఖాస్తులకూ అదే వర్తింపజేశారు. వీసా ఫారం డీఎస్ 160లో గత ఐదేళ్ల ఖాతాల పేర్లు అడగడం 2019 నుంచే ఉంది.

అంటే 2024 ప్రచారాన్ని మన ఇళ్లు చూశాయి సరే, ఆ చూసేటప్పుడు పెట్టిన కామెంట్లు, షేర్ చేసిన కార్టూన్లు ఇప్పుడు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కూర్చున్న అధికారి కూడా చూడగలడు. దీనికి భయపడి పిల్లలు పాత పోస్టులన్నీ చెరిపేస్తున్నారు. ఖాతా దాచి ఫారంలో రాయకపోతే అది అబద్ధం చెప్పినట్టు అవుతుంది, చిక్కు ఇంకా పెద్దది. గాజా గురించి బాధపడటం నేరం కాదు. అలాగని ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని వీడియో, ఎవరు రాశారో తెలియని నినాదం పిల్లవాడి పేరు మీద ఉండటం అవసరమా అన్నది తల్లిదండ్రులు, పిల్లలు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ట్రంప్‌కు మద్దతుగా తిరిగిన అరబ్ అమెరికన్స్ ఫర్ ట్రంప్ వాళ్ల పరిస్థితే చూడండి. 2025 ఫిబ్రవరి 4న గాజాను అమెరికా తీసుకుంటుందని ట్రంప్ అనగానే పేరులోంచి ట్రంప్‌ను తీసేసి అరబ్ అమెరికన్స్ ఫర్ పీస్ అని మార్చుకున్నారు. పేరు మార్చుకున్నా పాత పోస్టులు ఎక్కడికి పోతాయి?

2025 నవంబర్ 4న వర్జీనియాలో హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు మన గ్రూపులు మళ్లీ మబారక్‌లతో నిండాయి. న్యాయమే. ఆమె ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారు, ప్రత్యర్థి ఎంత తీసుకున్నారు అన్నది వర్జీనియా పబ్లిక్ యాక్సెస్ ప్రాజెక్ట్ వెబ్‌సైట్లో పేరు కొడితే వస్తుంది. ఫోటోలు షేర్ చేసినవాళ్లలో ఆ పేజీ తెరిచినవాళ్లు ఎంతమందో.

2026 నవంబర్ 3న అమెరికాలో మధ్యంతర ఎన్నికలు. ప్రతినిధుల సభ మొత్తానికి, సెనేట్‌లో మూడో వంతుకు. వీసా చట్టాలు మార్చినా, ఉంచినా ఆ సభలే. డియర్‌బర్న్ వాళ్లు, టెక్సాస్ హైదరాబాదీలు ఈసారి ఎటు వెళ్తారన్న ఊహాగానాలు అప్పుడే మొదలయ్యాయి. అభ్యర్థులు ఎఫ్‌ఈసీకి మూణ్నెల్ల లెక్కలు ఇవ్వాల్సిన గడువులు ఏప్రిల్ 15, జూలై 15, అక్టోబర్ 15. ఆ తర్వాత పుట్టే సంస్థలకు డబ్బు ఎవరిచ్చారో ఎన్నిక అయ్యాకే తెలుస్తుంది.